కుళాయి నీళ్లను బట్టి చేప

సియాటిల్‌లో సముద్రపు ఒడ్డున, 59వ నంబరు రేవుకట్ట మీద ఒక పెద్ద అక్వేరియం ఉంది. అక్కడి ఉష్ణమండల సముద్రజీవుల తొట్టె అడుగున పరిచిన గులకరాళ్ల మీద ఒక సూక్ష్మజీవి బతుకుతోందని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌కు చెందిన డేవిడ్ స్టాల్ బృందం 2005లో ‘నేచర్’ పత్రికలో ప్రకటించింది. దాని పొడవు మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా ఉండదు. దాని తిండి అమ్మోనియా. అమ్మోనియాను తిని బతకడం కొన్ని రకాల బ్యాక్టీరియాకే చేతనవునని శాస్త్రవేత్తలు అప్పటికి నూరేళ్లకు పైగా నమ్ముతూ వచ్చారు. సియాటిల్‌లో దొరికింది బ్యాక్టీరియా వంశానిది కాదు, ఆర్కియా అనే మరో వంశానిది. నైట్రోసోప్యుమిలస్ మారిటిమస్ అని దానికి పేరు పెట్టారు. తర్వాత వెతికితే దాని బంధువులు మహాసముద్రాలన్నిటిలోనూ లెక్కకు అందనన్ని కనిపించాయి. భూమి మీద నత్రజని ఎలా చేతులు మారుతుందో చెప్పే పాఠాన్ని ఒక చేపల తొట్టె అడుగు తిరగరాయించింది.

అమెరికాలో ఇంట్లో చిన్న అక్వేరియం పెట్టుకోవాలనుకునే తెలుగువాళ్లకు చేపల పేర్లకంటే ముందు ఈ సంగతి చెప్పాలి. ఫ్రిస్కోలోనో ఎడిసన్‌లోనో పిల్లలు పోరు పెడితే, శనివారం సాయంత్రం పెట్ స్టోరుకు వెళ్లి తొట్టె, రంగురాళ్లు, చేపలు ఒకేసారి కొని తెచ్చేస్తారు. రాత్రికి నీళ్లు నింపి చేపల్ని వదులుతారు. రెండు వారాలు తిరిగేలోపే అవి ఒక్కొక్కటిగా పైకి తేలుతాయి. పిల్లలు ఏడుస్తారు, పెద్దవాళ్లు ‘మనకు అచ్చిరాలేదు’ అనుకుని తొట్టెను గరాజ్‌లో పెడతారు. అచ్చిరాకపోవడం ఏమీ లేదు. చేపల కంటే ముందు ఆ నీళ్లలోకి రావాల్సిన ప్రాణి ఇంకా రాలేదు, అంతే.

చేప తన ఒంట్లోని వ్యర్థ నత్రజనిని చాలావరకు మొప్పల ద్వారా అమ్మోనియాగా వదిలేస్తుంది. అది ఎంత ఉంటుందో ఒక్క గ్రాము మేతతో లెక్క కట్టవచ్చు. మేతలో 40 శాతం ప్రొటీన్ ఉందనుకుందాం. ప్రొటీన్‌లో సుమారు 16 శాతం నత్రజని, అంటే గ్రాము మేతలో 64 మిల్లీగ్రాములు. అందులో సగానికి పైగా అమ్మోనియాగా నీళ్లలోకి వస్తుంది. పది గ్యాలన్ల తొట్టెలో నీళ్లు 38 లీటర్లే కాబట్టి లీటరుకు దాదాపు ఒక మిల్లీగ్రాము తేలుతుంది. ఒక్క గ్రాము మేతకే ఇంత. నదిలో అయితే అది కొట్టుకుపోతుంది. నాలుగు గాజు పలకల మధ్య మాత్రం పోయే దారి లేదు.

నీళ్లలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి విద్యుదావేశం ఉన్న అమ్మోనియం. దీనివల్ల హాని తక్కువ. రెండోది ఏ ఆవేశమూ లేని అసలు అమ్మోనియా. ఇది మొప్పల పొరలోంచి నేరుగా దూరిపోయే విషం. ఏది ఎంత ఉంటుందో నీటి పీహెచ్ నిర్ణయిస్తుంది. 25 డిగ్రీల వేడిలో, పీహెచ్ 7 దగ్గర విషరూపం అర శాతం పైచిలుకు మాత్రమే. పీహెచ్ 8 అయితే అది 5 శాతం దాటుతుంది. ఒకే మేత వేసినా, ఒకే చేపల్ని పెంచినా, ఒక ఊళ్లో తట్టుకున్న అమ్మోనియా మరో ఊళ్లో దాదాపు పది రెట్లు విషమవుతుందన్నమాట. అందుకే ఏ చేప కొనాలని ఎవరైనా అడిగితే నేను ముందు మీది ఏ ఊరని అడుగుతాను.

అమ్మోనియాను సూక్ష్మజీవులు తిని నైట్రైట్‌గా మారుస్తాయి. అదీ విషమే. మొప్పలు క్లోరైడ్‌ను లోపలికి తీసుకునే దారిలోనే నైట్రైట్ కూడా దూరి, రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువు మోయలేని రూపంలోకి మార్చేస్తుంది. రక్తం చాక్లెట్ రంగుకు తిరుగుతుంది. నీళ్లలో ఆక్సిజన్ నిండుగా ఉన్నా చేప ఊపిరాడక పోతుంది. మిసిసిపీలో క్యాట్‌ఫిష్ పెంచే రైతులు ఇందుకే చెరువుల్లో ఉప్పు కలుపుతారు. క్లోరైడ్ ఎక్కువగా ఉంటే నైట్రైట్‌కు లోపలికి దారి దొరకదు. భీమవరం, కైకలూరు వైపు చేపల, రొయ్యల రైతుల నోట్లో అమ్మోనియా, నైట్రైట్ నిత్యం నానే మాటలే. బంధువుల్లో ఆక్వా రైతు ఎవరైనా ఉంటే అమెరికాలో తొట్టె పెట్టుకునేవాళ్లు ఆయనతో ఓ గంట ఫోన్లో మాట్లాడటం మంచిది.

నైట్రైట్‌ను మరో జట్టు సూక్ష్మజీవులు నైట్రేట్‌గా మారుస్తాయి. దాని విషం చాలా తక్కువ. మొక్కలు కొంత తీసుకుంటాయి, మిగిలింది వారం వారం నీళ్లు మార్చినప్పుడు బయటికి పోతుంది. ఈ రెండో పని చేసేది నైట్రోబాక్టర్ అని పాఠ్యపుస్తకాలు చాలాకాలం చెప్పాయి. మంచినీటి అక్వేరియంలలో నిజంగా పని చేస్తున్నది నైట్రోస్పైరా అని తిమోతీ హోవనెక్, ఆయన సహచరులు 1998లో తేల్చారు. 2015లో ఇంకో విశేషం బయటపడింది: అమ్మోనియా నుంచి నైట్రేట్ దాకా రెండు మెట్లూ ఒక్కటే ఎక్కేయగల నైట్రోస్పైరా జాతులు ఉన్నాయి. వాటిలో కొన్ని చేపల పెంపకంలో నీళ్లు శుభ్రం చేసే ఫిల్టర్‌లోనే దొరికాయి. ఈ రంగంలో చేపల తొట్టెలు ఎన్నోసార్లు ప్రయోగశాలలను ముందుకు నడిపించాయి.

ఈ జీవులది మహా నిదానం. మన పేగుల్లోని ఇ.కోలై అనుకూలంగా ఉంటే ఇరవై నిమిషాలకు రెట్టింపవుతుంది. వీటికి అందుకు చాలా గంటలు, ఒక్కోసారి ఒక రోజుకు పైగా పడుతుంది. కొత్త తొట్టె చేపలకు సిద్ధం కావడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పట్టేది ఇందుకే. ఆ నెల రోజులు చేపలు ఉండనక్కర్లేదు, ఉండకూడదు కూడా. సీసాల్లో దొరికే అమ్మోనియం క్లోరైడ్ చుక్కలు వేసి లీటరుకు 2 మిల్లీగ్రాముల అమ్మోనియా ఉండేలా చూసి, ఫిల్టర్ నడుస్తూ ఉంచాలి. చుక్కలు కలిపి రంగు చూసే టెస్ట్ కిట్‌తో రెండు మూడు రోజులకోసారి పరీక్షించాలి. మొదట అమ్మోనియా తగ్గుతూ నైట్రైట్ పెరుగుతుంది, తర్వాత అదీ తగ్గి నైట్రేట్ కనబడుతుంది. వేసిన 2 మిల్లీగ్రాముల అమ్మోనియా, దాని నుంచి వచ్చిన నైట్రైట్ రెండూ ఇరవై నాలుగు గంటల్లో సున్నాకు చేరిన రోజు తొట్టె సిద్ధమైనట్టు. ఆరేడు తరగతుల పిల్లలు ఉంటే ఈ లెక్కలు వాళ్లచేతే గ్రాఫ్ కాగితం మీద గీయించవచ్చు. రసాయనశాస్త్రాన్ని ఇంత దగ్గరగా చూపే ప్రయోగం ఇంట్లో మరొకటి దొరకదని నా నమ్మకం.

దగ్గర దారి ఒకటుంది. చాలాకాలంగా ఆరోగ్యంగా నడుస్తున్న తొట్టె ఉన్న స్నేహితులను అడిగి, వాళ్ల ఫిల్టర్‌లోని స్పాంజి ముక్కను తడి ఆరకుండా తెచ్చి మన ఫిల్టర్‌లో పెట్టాలి. పాలకు తోడు వేసినట్టే. వారాల పని రోజుల్లోకి దిగుతుంది. ఈ జీవులు నీళ్లలో తేలుతూ తిరిగేవి కావు. స్పాంజిని, గులకరాళ్లను, గాజును అంటిపెట్టుకుని ఉంటాయి. అందుకని ఫిల్టర్ డబ్బా మీద ‘నెలకోసారి కార్ట్‌రిడ్జ్ మార్చండి’ అని ఉంటే ఆ మాట వినొద్దు. మార్చిన ప్రతిసారీ ఆ జట్టులో చాలా భాగాన్ని చెత్తబుట్టలో వేసినట్టే. స్పాంజి మురికి పడితే తొట్టెలోంచి తీసిన నీళ్లలోనే పిండాలి. కుళాయి కింద కడిగితే, నీళ్లలో సూక్ష్మజీవులను చంపడానికి వేసిన మందు వీటినీ చంపుతుంది.

ఆ మందు దగ్గర అమెరికాకూ మన ఊళ్లకూ తేడా ఉంది. మన దగ్గర మునిసిపాలిటీ నీళ్లను బిందెలోనో బకెట్‌లోనో ఓ రాత్రి ఉంచితే క్లోరిన్ ఎగిరిపోతుందని అందరికీ తెలుసు. అమెరికాలో చాలా నగరాలు ఉత్త క్లోరిన్‌కు బదులు క్లోరిన్‌ను అమ్మోనియాతో కలిపి చేసిన క్లోరమైన్ వాడుతున్నాయి. పొడవాటి గొట్టాల్లో ఎక్కువ దూరం నిలుస్తుందనే ఇది వాడతారు. నిలుస్తుంది కాబట్టే బకెట్‌లో రాత్రంతా ఉంచినా పోదు. శాన్‌ఫ్రాన్సిస్కో 2004లో దీనికి మారింది. నీళ్లలో క్లోరిన్ గానీ క్లోరమైన్ గానీ లీటరుకు 4 మిల్లీగ్రాముల దాకా ఉండవచ్చని అమెరికా పర్యావరణ సంస్థ పరిమితి. మనం తాగితే కడుపులోనే విరిగిపోతుంది. చేప విషయంలో మొప్పల గుండా రక్తంలోకే దిగుతుంది.

దీనికి కండిషనర్ అనే ద్రావణం వాడాలి. చౌక రకాల్లో ఉండేది సోడియం థయోసల్ఫేట్, పాత ఫొటో స్టూడియోల వాళ్లు హైపో అనేవారే, అదే. ఉత్త క్లోరిన్‌కు అది చాలు. క్లోరమైన్ మీద వేస్తే క్లోరిన్ పోయి అమ్మోనియా మిగులుతుంది. కాబట్టి మీ ఊరిది క్లోరమైన్ అయితే అమ్మోనియాను కూడా పట్టి ఉంచే కండిషనర్ కొనాలి. డాలస్‌కు ఉత్తరాన ప్లేనో, ఫ్రిస్కో, ఆలెన్ లాంటి ఊళ్లకు నీళ్లిచ్చే నార్త్ టెక్సస్ మునిసిపల్ వాటర్ డిస్ట్రిక్ట్ ఏడాదంతా క్లోరమైన్ వాడి, వసంతంలో, సాధారణంగా మార్చిలో, గొట్టాల శుభ్రత కోసం కొన్ని వారాలు ఉత్త క్లోరిన్‌కు మారుతుంది. ఆ రోజుల్లో కుళాయి తిప్పగానే వాసన తెలుస్తుంది. చేపలున్న ఇళ్లవాళ్లు ఆ ప్రకటన కోసం కనిపెట్టుకుని ఉండి, కండిషనర్ మోతాదు డబ్బా మీద చూసి సరిచేసుకోవాలి. ప్రతి నీటి సంస్థా ఏటా జూలై 1 లోపు వినియోగదారులకు నీటి నాణ్యత నివేదిక ఇవ్వాలని చట్టం ఉంది. మీ ఊరిది వెతికి చదవండి. అక్వేరియం పుస్తకాలన్నిటికంటే ముందు చదవాల్సిన నాలుగు పేజీలు అవే.

ఆ నివేదికలో చూడాల్సిన మరో అంకె కాఠిన్యం, అంటే నీళ్లలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం ఎంతున్నాయనేది. అమెరికాలో దీన్ని గ్యాలన్‌కు ఇన్ని గ్రెయిన్లని చెప్తారు. ఒక గ్రెయిన్ అంటే లీటరుకు సుమారు 17 మిల్లీగ్రాములు. శాన్ ఆంటోనియో నీళ్లు ఎడ్వర్డ్స్ సున్నపురాతి పొరల్లోంచి వస్తాయి కాబట్టి అక్కడ 15 గ్రెయిన్లు దాటుతుంది. సియాటిల్ నీళ్లు సీడర్, టోల్ట్ నదుల నుంచి వచ్చే కొండల వాన, కరిగిన మంచు. అందులో ఖనిజాలు నామమాత్రం. కానీ సియాటిల్ వాళ్లు పీహెచ్ కొలిస్తే 8 పైన కనబడి కంగారు పడతారు. గొట్టాలు తుప్పు పట్టకుండా నీటి సంస్థే దాన్ని పెంచి పంపుతుంది. ఆ పీహెచ్‌ను నిలబెట్టే క్షారం మాత్రం ఆ నీళ్లలో తక్కువ. సూక్ష్మజీవులు ప్రతి మిల్లీగ్రాము అమ్మోనియా నత్రజనికీ ఏడు మిల్లీగ్రాముల క్షారాన్ని ఖర్చు చేస్తాయి. మెత్తని నీళ్ల ఊళ్లో వారాల తరబడి నీళ్లు మార్చకపోతే ఉన్న కాస్త క్షారమూ అయిపోయి పీహెచ్ జారుతుంది, 6 దగ్గరకు వచ్చేసరికి సూక్ష్మజీవుల పని మందగిస్తుంది. అలాంటి చోట ఫిల్టర్‌లో చిన్న గుడ్డసంచిలో పగడపు రాతి ముక్కలు గుప్పెడు వేస్తే అది నెమ్మదిగా కరుగుతూ కాపాడుతుంది.

టెక్సస్ ఇళ్లల్లో వాటర్ సాఫ్టెనర్ ఉంటే ఆ నీళ్లు తొట్టెకు పనికిరావు. అది కాల్షియం తీసేసి ఆ చోట సోడియం పెడుతుంది, చేపకు లాభమేమీ లేదు. సాఫ్టెనర్‌కు ముందే విడిపోయే కుళాయి, చాలా ఇళ్లలో పెరటిది, వాడుకోవాలి. ఇక పీహెచ్ పెంచే సీసా, తగ్గించే సీసా అని అమ్మేవాటి జోలికి వెళ్లొద్దు. అంకె పుస్తకంలో ఉన్నట్టు లేకపోయినా స్థిరంగా ఉంటే చేప సర్దుకుంటుంది. రోజుకో తీరుగా ఊగితేనే పోతుంది.

తొట్టె ఎంత ఉండాలి? చిన్నది తేలిక అనుకోవడం సహజం గానీ నీళ్లు తక్కువైతే ప్రతి పొరపాటూ గాఢమవుతుంది. మొదటిసారి పెట్టేవాళ్లకు నేను చెప్పేది 20 గ్యాలన్ల ‘లాంగ్’, అంటే 30 అంగుళాల పొడవు, 12 వెడల్పు, 12 ఎత్తు. చోటు లేకపోతే 10 గ్యాలన్లు. నీళ్లలో ఆక్సిజన్ వ్యాపించే వేగం గాలిలో కంటే దాదాపు పదివేల రెట్లు తక్కువ. అందువల్ల చేపకు ఊపిరి ప్రధానంగా అందేది నీటి పైతలం నుంచి, దాన్ని కదిలించే ఫిల్టర్ నుంచి. ఎత్తయిన తొట్టె కంటే వెడల్పుది మేలనడానికి, మూతి సన్నబడిన గుండ్రటి గాజు బౌల్ చేపకు హింస అనడానికి కారణం ఇదే. నీళ్లు వేడెక్కితే ఇంకా కష్టం: 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పడితే, 30 దగ్గర ఏడున్నరే.

గ్యాలన్ నీళ్ల బరువు 8 పౌండ్ల పైన. గాజు, రాళ్లు కలిపితే 20 గ్యాలన్ల తొట్టె 200 పౌండ్లు దాటుతుంది. పుస్తకాల అరమీద పెట్టొద్దు. అందుకోసం చేసిన స్టాండ్ మీద, గోడవారన పెట్టాలి. అద్దె అపార్ట్‌మెంట్ అయితే లీజులో అక్వేరియం గురించి ఏముందో చూసుకోవాలి, పరిమితులు పెట్టేవి చాలా ఉన్నాయి. ప్లగ్గు వైరు సాకెట్ కంటే కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లేలా ఉంచితే, వైరు వెంట జారిన నీటి చుక్క సాకెట్‌లోకి పోకుండా నేల మీద పడుతుంది. వంటింట్లో, స్నానాలగదిలో ఉండే జీఎఫ్‌సీఐ రకం సాకెట్ అయితే మరీ మంచిది. చికాగో, మినియాపోలిస్ చలికాలంలో రాత్రిళ్లు ఇంటి హీటింగ్ తగ్గించేవాళ్లకు 100 వాట్ల హీటర్ తప్పనిసరి.

మొక్కలు పెట్టండి, ప్లాస్టిక్‌వి కావు. 1850లో లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయనశాస్త్రజ్ఞుడు గోల్డ్‌ఫిష్‌లు, వాలిస్‌నేరియా మొక్క, నత్తలు కలిపి పెంచి, మొక్క ఆక్సిజన్ ఇస్తుంది కాబట్టి నీళ్లు మార్చకుండానే చేపలు బతుకుతాయని చూపాడు. ఆ మోజు అట్లాంటిక్ దాటి, న్యూయార్క్‌లో వినోద ప్రదర్శనల వ్యాపారి బార్నమ్ తన మ్యూజియంలో అక్వేరియంలు పెట్టాడు. 1858లో హెన్రీ బట్లర్ అమెరికా గృహస్థుల కోసం ‘ది ఫ్యామిలీ అక్వేరియం’ అనే పుస్తకం రాశాడు. అప్పటివాళ్లకు అమ్మోనియా సంగతి అంతుపట్టలేదు. మొక్కలు ఆక్సిజన్‌తో పాటు అమ్మోనియంను కూడా నేరుగా పీల్చుకుంటాయి; వారింగ్టన్ తొట్టె నిలబడటంలో ఈ రెండోదాని వాటా చిన్నది కాదు. జావా ఫెర్న్, అనూబియస్, హార్న్‌వర్ట్ తక్కువ వెలుతురులోనూ బతుకుతాయి. కిటికీ ఎండ తగిలే చోట మాత్రం తొట్టె వద్దు, నాచు కమ్మేస్తుంది.

ఇక చేపలు. గ్యాలన్‌కు అంగుళం చేప అని దుకాణాల్లో చెప్పే సూత్రం ఒకటుంది. దాని ప్రకారం అంగుళం చేపలు పదీ, పది అంగుళాల చేప ఒక్కటీ సమానం. శరీరం బరువు పొడవుకు ఘనంగా పెరుగుతుంది కాబట్టి పదంగుళాల చేప అంగుళం చేప కంటే సుమారు వెయ్యి రెట్లు బరువు. ఆ పదింటినీ కలిపినా దానిలో వందో వంతే. రెండంగుళాల లోపు చేపల వరకు ఆ సూత్రం ఏదో నడుస్తుంది, అది దాటితే మరచిపోవాలి.

ఎక్కడ ఉన్నా, ఏ నీళ్లయినా, మొదటి చేపగా నేను చెప్పేది జీబ్రా డానియో. ఇది మన ఉపఖండపు వాగుల్లో, వరిచేల కాలువల్లో తిరిగే చేప. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగానది చేపల గ్రంథంలో దీనికి శాస్త్రీయనామం ఇచ్చాడు. చలిని, వేడిని, గట్టి నీళ్లను, మెత్తని నీళ్లను అన్నిటినీ తట్టుకుంటుంది. ఓరెగన్‌లో జార్జ్ స్ట్రైసింగర్ అనే జీవశాస్త్రజ్ఞుడు పెట్ షాపుల్లో ఈ చేపల్ని కొని, వెన్నెముక ఉన్న జీవుల జన్యువులను చదవడానికి వీటిని వాడుకున్నాడు. 1981లో ‘నేచర్’లో వచ్చిన ఆయన వ్యాసంతో జీబ్రాఫిష్ ప్రపంచపు ప్రయోగశాలల్లోకి ఎక్కింది. 2013లో దాని జన్యుపటం పూర్తయ్యాక చూస్తే, మనిషి జన్యువుల్లో సుమారు 70 శాతానికి దానిలో జోడు కనిపించింది. దుకాణాల్లో నీలికాంతి కింద ధగధగలాడే గ్లోఫిష్ కూడా మొదట ఇదే. సింగపూర్ శాస్త్రవేత్తలు సముద్రజీవుల వెలుగు జన్యువును దీనిలో చేర్చారు, 2003 చివర అమెరికాలో అమ్మకానికి వచ్చింది. ఆ రంగు సూదితో ఎక్కించింది కాదు కాబట్టి చేపకు బాధ లేదు. డానియోలను కనీసం ఆరింటిని కలిపి పెంచాలి, తొట్టెకు మూత ఉండాలి, ఇవి ఎగిరి దూకుతాయి.

టెక్సస్, అరిజోనా లాంటి గట్టి నీళ్ల చోట గప్పీలు, ప్లాటీలు హాయిగా ఉంటాయి. ఇవి పిల్లల్ని కనే చేపలు, ఆడ గప్పీ ఒక్కసారి కలిసినా నెలల తరబడి ఈనుతూనే ఉంటుంది. పిల్లల్ని ఏం చేయాలో తెలియనివాళ్లు మగవాటినే కొనుక్కోవాలి; రంగులన్నీ వాటివే. వీటి దాయాది గంబూషియా మనవాళ్లకు చిరపరిచితం. అమెరికా దక్షిణ రాష్ట్రాల ఈ చేపను దోమల కోసం ఇటలీ మీదుగా 1928లో ఇండియాకు తెచ్చారు. మన ఊళ్ల బావుల్లో, చెరువుల్లో వదిలింది దాన్నే.

సియాటిల్, పోర్ట్‌లాండ్, శాన్‌ఫ్రాన్సిస్కో లాంటి మెత్తని నీళ్లకు నియాన్ టెట్రా సరిపోతుంది. ఎగువ అమెజాన్ వాగుల చేప. 1936లో దీన్ని వర్ణించిన జార్జ్ మయర్స్, ఫిలడెల్ఫియాలో ‘ది అక్వేరియం’ పత్రిక నడిపిన విలియం ఇన్నెస్ పేరు దీనికి పెట్టాడు. అక్వేరియం అనే అభిరుచిని అమెరికా ఇళ్లకు చేర్చిన మనిషికి ఇంత చక్కని చేప పేరు దక్కడం నాకు న్యాయంగా అనిపిస్తుంది. ఒక్క మాట, నియాన్‌లు కొత్త తొట్టెను సహించవు. మొదట డానియోలు, రెండు మూడు నెలలయ్యాక నియాన్‌లు. అడుగున తిరగడానికి చిన్న కోరిడోరస్‌లు ఒక ఆరు ఉంటే తొట్టె నిండుతుంది. ఏ విడతలోనూ ఆరేడు చేపల కంటే ఎక్కువ తేవద్దు. పెరిగిన అమ్మోనియాకు తగ్గట్టు సూక్ష్మజీవుల జట్టు కూడా పెరగాలి.

కప్పుల్లో పెట్టి అమ్మే బెట్టా చేపను చూసి చిన్న చోటు చాలనుకుంటారు. దానికి మొప్పలతో పాటు గాలి పీల్చే అవయవం ఉంది, మన కొర్రమీనుకు ఉన్నట్టే. అందువల్ల చెడ్డ నీళ్లలో వెంటనే చావదు, చాలాకాలం బాధపడుతుంది. అయిదు గ్యాలన్లు, ఒక హీటర్, ఒంటరితనం, ఇవి దానికి న్యాయం.

కొర్రమీను అన్నాను కాబట్టి చెప్పాలి. 2002లో మేరీల్యాండ్‌లోని క్రాఫ్టన్‌లో ఒక చెరువులో కొర్రమీను దాయాదులు పిల్లాపాపలతో బయటపడ్డాయి. న్యూయార్క్ బజారులో బతికున్నవి కొన్న ఒక వ్యక్తి వదిలినవే అవి. ఆ ఏడే ఆ కుటుంబపు చేపలన్నిటినీ హానికర జీవుల జాబితాలో పెట్టి, అనుమతి లేకుండా ప్రాణంతో దిగుమతి చేయడాన్ని అమెరికా నిషేధించింది. తెలంగాణ రాష్ట్ర చేప ఇక్కడ చట్టానికి అంత భయం. మిన్నెసోటాలోని బర్న్స్‌విల్‌లో 2021లో కెల్లర్ లేక్‌లో ఫుట్‌బాల్ అంత గోల్డ్‌ఫిష్‌లు పట్టుబడ్డాయి, అవీ ఎవరి తొట్టెల్లోంచో వచ్చినవే. అడుగు పొడవు పెరిగే ఆ చేపను బౌల్‌లో అమ్మడమే తప్పు.

నాచు తింటుందని రెండంగుళాల ప్లెకోను అంటగడతారు. దక్షిణ అమెరికాకు చెందిన ఆ నల్లటి జెల్లజాతి చేప అడుగు దాటి పెరుగుతుంది. తొట్టె చాలక వదిలేస్తే టెక్సస్‌లో శాన్ ఆంటోనియో, శాన్ మార్కస్ నదుల్లో స్థిరపడింది. మన కృష్ణా కాలువల్లో, చేపల చెరువుల్లో వలలు చింపుతూ దెయ్యం చేప అనిపించుకుంటున్నదీ ఆ జాతిదే. హైదరాబాదు సీసీఎంబీ పరిశోధకులు నీళ్లలో మిగిలే డీఎన్‌ఏ జాడలు పట్టి, తూర్పు కనుమల జలాశయాల్లో దాని వ్యాప్తిని గుర్తించారు. రెండు ఖండాల్లోనూ తప్పు ఒక్కటే: పెంచలేని చేపను దయ అనుకుని నీళ్లలో వదలడం. పెంచలేకపోతే దుకాణానికి తిరిగి ఇవ్వాలి, ఊళ్లోని అక్వేరియం క్లబ్‌కు ఇవ్వాలి. చెరువులోకి, వాగులోకి, మురుగుకాలువలోకి మాత్రం చేపను గానీ మొక్కను గానీ తొట్టె నీళ్లను గానీ వదలకూడదు.

చివరిగా ఇండియా ప్రయాణం. మనవాళ్ల తొట్టెలు ఎక్కువగా పాడయ్యేది డిసెంబరు సెలవుల్లో, వేసవిలో. ఎదిగిన చేపలు ఆరోగ్యంగా ఉంటే వారం రోజులు మేత లేకపోయినా వాటికేమీ కాదు. నాలుగు వారాలు వెళ్తున్నప్పుడు పక్కింటి వాళ్లకు మేత డబ్బా ఇచ్చి వెళ్లొద్దు. చేపలు పైకి వచ్చి నోళ్లు తెరిస్తే ఆకలి అనుకుని ప్రేమతో గుప్పెళ్లు వేస్తారు, అమ్మోనియా లెక్క పైన చూశాం. మందుబిళ్లలు పెట్టుకునే వారం గళ్ల డబ్బాలు కొని, రోజు విడిచి రోజు గడిలో చిటికెడు మేత వేసి ఇవ్వండి. డబ్బాలో ఉన్నదే వేయమని చెప్పండి. బయలుదేరే ముందు రోజు మూడో వంతు నీళ్లు మార్చి, అలా మార్చడం ఎలాగో వాళ్లకూ ఒకసారి చేసి చూపించి, కొలిచిన కండిషనర్‌తో బకెట్ పక్కన పెట్టండి. రెండు వారాలకోసారి వాళ్లు పావు వంతు నీళ్లు మారిస్తే చాలు. తిరిగి వచ్చాక మేతకంటే ముందు టెస్ట్ కిట్ తీయండి. నైట్రేట్ లీటరుకు 40 మిల్లీగ్రాములు దాటి ఉంటే ఒక్కసారే అంతా మార్చకుండా, రోజు విడిచి రోజు పావు వంతు చొప్పున మార్చుకుంటూ రండి.